డెత్ మెటల్‌కు కొత్త చెవులతో ‘సింబాలిక్’: నాలుగేళ్లు విన్నాక

గట్టి గిటార్లు, గరగర అరుపు గొంతుతో సాగే రాక్ సంగీతం డెత్ మెటల్. దాని పేరెత్తితే మన దిక్కు మొదట వినపడే మాట: “ఊకె అరుస్తడు, ఒక్క ముక్క సమజ్ కాదు.” గొంతు దగ్గరే ఆగిపోయినవాళ్లకు అది నిజమే. కానీ సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోళ్ల పక్కన నిలబడ్డ చెవికి ఇంకో దారి ఉంది. ముందు దరువు పట్టుకోవాలి, గొంతు సంగతి తర్వాత. ఆ దారికి ‘డెత్’ అనే అమెరికన్ బృందం 1995లో తెచ్చిన ‘సింబాలిక్’ ఆల్బం అన్నిటికంటే బాగా పనికొస్తుంది. నాలుగేళ్లు విన్నాక కూడా, కొత్తవాళ్లు అడిగితే నేను ముందు చెప్పే పేరు ఇదే.

ఫ్లోరిడాలోని టాంపాలో, మోరీసౌండ్ స్టూడియోలో రికార్డు చేశారు. 9 పాటలు, దాదాపు 50 నిమిషాలు. గొంతు, గిటార్, రచన చక్ షుల్డినర్‌వి. 2001లో, 34 ఏళ్లకే పోయాడు. డ్రమ్స్ జీన్ హోగ్లన్.

నా లెక్కలో ఆల్బం అసలు బలం హోగ్లనే. డప్పు మీద సిర్ర పెద్ద దెబ్బ వేస్తుంటే చిటికెన పుల్ల సందులు నింపుతుంది కదా, ఇక్కడ ఆ పని కాళ్లకూ చేతులకూ పంచుకున్నాడు. రెండు పాదాలతో కిక్ డ్రమ్ నడుస్తుంటే, పైన ఎడమచేయి రైడ్ తాళం బొడిపె మీద వేరే లెక్క వేస్తుంటుంది. ఎడతెగకుండా ఒకటే వేగంతో కొట్టే బ్లాస్ట్ బీట్ ఇందులో చాలా తక్కువ. అందుకే కొత్త చెవికి లెక్క తప్పదు.

మొదటి పాట నుంచి మొదలుపెట్టకండి. ఏడోది ‘క్రిస్టల్ మౌంటెన్’ ముందు వినండి, మూడుసార్లు. మొదటిసారి కిక్, స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్, చురుగ్గా పలుకుతుంది) తప్ప ఇంకేమీ పట్టించుకోవద్దు, తొడ మీద వేలితో స్నేర్‌ను అనుసరిస్తే చాలు. రెండోసారి గిటార్. మూడోసారి సాహిత్యం ముందు పెట్టుకుని గొంతు. చక్ గొంతు ఈ ఆల్బంలో కొంచెం పై స్థాయిలో ఉంటుంది, పొట్టలోంచి వచ్చే గురగుర కాదు. కాగితం చూస్తూ వింటే రెండో చరణానికల్లా మాటలు విడిపడతాయి. తర్వాత ‘జీరో టాలరెన్స్’, ఆ తర్వాత మెల్లని గిటార్‌తో తెరుచుకునే ‘ఎంప్టీ వర్డ్స్’. ఈ మూడూ ఒంటబట్టాకే మొదటి నుంచి చివరిదాకా వరుసగా వినండి.

సాహిత్యంలో నరకడాలు, నెత్తురు వెతికితే దొరకవు. ‘1,000 ఐస్’ మనిషి మీద నిరంతరం ఉండే నిఘా గురించి. కూడలి కూడలికీ కెమెరా ఉన్న హన్మకొండలో ఇప్పుడు వింటే అది 1995 నాటి పాట అనిపించదు.

ఇక చాలామంది దెబ్బతినేది వినే సామాను దగ్గర. ఈ బృందం గిటార్లను మామూలు శ్రుతి కంటే ఒక పూర్తి స్వరం కిందికి దించేది. అడుగు తీగ దాదాపు 73 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు, పైపై గరగర మాత్రమే బయటికి పంపుతుంది. “సప్పుడు తప్ప ఏం లేదు” అనే తీర్పు సగం అక్కడే పుడుతుంది. పండుగలకు కొనే ఒంటి బ్లూటూత్ డబ్బా కూడా వద్దు. ఎడమకూ కుడికీ పంచిన గిటార్లను అది ఒకే ముద్ద చేస్తుంది. ఇయర్‌ఫోన్ ఖరీదైనది కానక్కర్లేదు, చెవిలో బిగువుగా కూర్చుంటే చాలు. వదులుగా ఉంటే కింది స్వరాలన్నీ కారిపోతాయి.

బేస్ బూస్ట్ (కింది స్వరాలను పెంచే సెట్టింగ్) తప్పకుండా తీసేయండి. నిమిషానికి 180 దరువుల వేగంలో, ఒక్కో దరువుకు నాలుగు చొప్పున కిక్ పడితే సెకనుకు 12 దెబ్బలు. ఒక దెబ్బ మోత చావకముందే ఇంకోటి వచ్చి పడుతుంది. ఆ మోతను ఇంకా పెంచితే హోగ్లన్ కాళ్ల పని అంతా గిర్నీ హోరులా వినబడుతుంది. ఈక్వలైజర్ (ఏ స్థాయి స్వరాలు ఎంత వినపడాలో సరిచేసే సెట్టింగ్) ఉంటే 250 నుంచి 400 హెర్ట్జ్ మధ్య 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. 3 కిలోహెర్ట్జ్ దగ్గర 1 పెంచితే కిక్ అంచు స్పష్టంగా తెలుస్తుంది. అంతకు మించితే తాళాలు చెవిని గుచ్చుతాయి.

కరీంనగర్ బస్సులో వినేవాళ్లకు ఒక మాట. ఇంజన్ హోరును దాటాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోవద్దు. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంతకంటే గట్టిగా పెడితే ఆ గంటలు చాలా తొందరగా తరుగుతాయి. మొదటి వారం ఇంట్లోనే, రాత్రి సద్దుమణిగాక వినడం మేలు.

లోపాలూ ఉన్నాయి. బేస్ గిటార్ చాలాచోట్ల గిటార్ల కింద నలిగిపోయింది, ఎన్నిసార్లు విన్నా ఆ కొరత తీరలేదు. వేగమే కావాలనుకునేవాళ్లకు నడిమి పాటలు ఆగి ఆగి నడిచినట్టుంటాయి. వాళ్లు ఇదే బృందం 1991లో తెచ్చిన ‘హ్యూమన్’ వినాలి.

2008 రీమాస్టర్ (శబ్దం మళ్లీ సరిచేసి వేసిన ప్రతి) పెట్టుకుంటే తొమ్మిదో పాట తర్వాత డెమోలు, అంటే ముడి నమూనా రికార్డింగులు మొదలవుతాయి. ముందే ప్లేలిస్ట్‌లోంచి వాటిని తీసేయండి. ఆ తొమ్మిదో పాట ‘పెరెన్నియల్ క్వెస్ట్’ ఎనిమిది నిమిషాలు దాటి సాగి, చివర గొంతు తప్పుకుని మెత్తని గిటార్‌తో ముగుస్తుంది. దాని మీద ముడి డెమో వచ్చి పడితే ఆ చివరి నిమిషం పోయినట్టే.