మూడేళ్లు స్పాక్ వాడాక: డాట్ ఎస్‌ఓ ఎక్కడికి పోయింది?

తిరుపతిలో మా ల్యాబ్‌కి ఉన్నది ఒకే సర్వరు. రూట్ పాస్‌వర్డ్ మా చేతికివ్వరు. ఏ లైబ్రరీ కావాలన్నా సోర్స్ తెచ్చి మేమే కట్టుకోవాలి. ఆ పనికి మూడేళ్లుగా అందరం ఒకే స్పాక్ వాడుతున్నాం. లైబ్రరీలను, వాటికి కావాల్సినవాటిని సోర్స్ నుంచి కట్టిపెట్టే ప్యాకేజీ మేనేజర్ అది.

అంతకుముందు అంతా చేత్తోనే. ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ (ఫూరియే లెక్కల లైబ్రరీ) కట్టిన రోజు మేక్ ఇన్‌స్టాల్ దాకా ఒక్క ఎర్రర్ లేదు. లిబ్ ఫోల్డర్ తెరిస్తే డాట్ ఏ (ప్రోగ్రాంలోనే కలిసిపోయే స్టాటిక్ లైబ్రరీ) ఫైలే ఉంది, డాట్ ఎస్‌ఓ (నడిచేటప్పుడు ప్రోగ్రాములు పంచుకునే షేర్డ్ లైబ్రరీ) లేదు. పైథాన్ మాడ్యూల్‌కి లింక్ చేయబోతే, ఎఫ్‌పిక్ (షేర్డ్ లైబ్రరీకి పనికొచ్చే కోడ్ ఇచ్చే కంపైలర్ ఆప్షన్) పెట్టి మళ్లీ కంపైల్ చెయ్యమని లింకర్ మొండికేసింది. కాన్ఫిగర్ దగ్గరే 'ఎనేబుల్ షేర్డ్' అని చెప్పాలట. పైథాన్‌దీ అదే తీరు. మెటిస్ లైబ్రరీకైతే 'షేర్డ్=1', సీమేక్ అనే బిల్డ్ టూల్ వాడే వాటికి మామూలుగా 'బిల్డ్ షేర్డ్ లిబ్స్'. ఒక్కో ఇంటికి ఒక్కో తాళం.

స్పాక్‌లో చాలా ప్యాకేజీలకు 'షేర్డ్' అని ఒక వేరియంట్ (కట్టేటప్పుడు ఎంచుకునే ఆప్షన్) ఉంటుంది. ముందు ప్లస్ పెడితే ఉన్నట్టు, టిల్డా పెడితే లేనట్టు. 'స్పాక్ ఇన్ఫో' కొడితే ముందే తెలుస్తుంది. లైబ్రరీ దారిని ఆర్‌పాత్‌గా బైనరీలోనే రాసేస్తుంది కాబట్టి, లైబ్రరీలు ఎక్కడున్నాయో విడిగా చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌తో కుస్తీ కూడా తప్పింది.

అయినా పోయిన వేసవిలో దెబ్బ తిన్నాం. రాత్రి పది గంటలకు జూనియర్ ఫోను: "అన్నా, లిబ్ హెచ్‌డీఎఫ్5 డాట్ ఎస్‌ఓ లేదంటా ఉంది." హెచ్‌డీఎఫ్5 అంటే పెద్ద డేటా ఫైళ్లు చదివి రాసే లైబ్రరీ. పాత్ తప్పేమోనని గంటన్నర వెతికించాను, పాపం. చివరికి 'స్పాక్ ఫైండ్'కి వేరియంట్లు చూపించే ఆప్షన్ పెడితే, హెచ్‌డీఎఫ్5 పక్కన టిల్డా షేర్డ్! రెండు నెలల కిందట నేను సరదాకి కట్టిన స్టాటిక్ బిల్డ్ అది. 2022లో వచ్చిన 0.18 నుంచి స్పాక్ కొత్తగా కట్టడం కంటే ఉన్నదాన్నే వాడుకోవడానికి చూస్తుంది. డిఫాల్ట్ షేర్డే అయినా, నోరు తెరిచి అడగలేదు కదాని నాదే అంటగట్టింది.

ఇప్పుడు స్పాక్ సెట్టింగుల ఫైలు ప్యాకేజెస్ యామల్‌లో హెచ్‌డీఎఫ్5కి ప్లస్ షేర్డ్‌ని 'రిక్వైర్' కింద రాసేశాను. అసలు ఆ వేరియంటే లేని ప్యాకేజీలూ ఉన్నాయి. వాటికి రెసిపీ (ఎలా కట్టాలో స్పాక్‌కి చెప్పే ఫైలు) తెరిచి పైథాన్ చదవాల్సిందే, అదో టెన్షన్.

స్పాక్ డిస్క్ మాత్రం తెగ తింటుంది. వేరియంట్ ఒకటి మారితే హ్యాష్ (ఆ బిల్డ్ గుర్తింపు కోడ్) మారుతుంది, దానిమీద ఆధారపడినవన్నీ మళ్లీ కట్టాలి. మొన్న 'స్పాక్ జీసీ' (అక్కర్లేనివి తీసేసే కమాండ్) కొడితే చాలా చెత్త పోయింది గానీ నా స్టాటిక్ హెచ్‌డీఎఫ్5 కదల్లేదు. పేరు పెట్టి అడిగి కట్టించుకున్నదాన్ని జీసీ ముట్టుకోదు. జూనియర్ చూస్తుండగా నేనే అన్‌ఇన్‌స్టాల్ చేశాను.