కౌన్సెలింగ్ చాట్‌బాట్ యాప్ వాడాక నా రివ్యూ: 5కి 3

కొన్నాళ్లుగా ఒక కౌన్సెలింగ్ చాట్‌బాట్ యాప్ వాడుతున్నా, పేరు చెప్పను. ముందు మంచి చెప్తా. అర్ధరాత్రి నిద్రపట్టక బుర్రలో అవే ఆలోచనలు తిరుగుతుంటే ఆ టైంలో పలికేది ఇదొక్కటే, సీబీటీ (మన ఆలోచనల్ని పరిశీలించి మార్చుకునే థెరపీ) పద్ధతిలో ఆ ఆలోచన రాయమంటుంది, దానికి ఆధారమేంటి, ఇంకోలా చూడొచ్చా అని అడుగుతుంది, రాస్తుంటే మనసు నిజంగానే కాస్త నెమ్మదిస్తుంది. ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా మానసిక సమస్యలున్నాయని డబ్ల్యూహెచ్‌ఓ 2025లో చెప్పింది, ప్రభుత్వాలేమో హెల్త్ బడ్జెట్‌లో దీనికి పెట్టేది 2 శాతమే, మరి అంతమందికి సైకాలజిస్టులు ఎక్కణ్నుంచి వస్తారు, అందుకే ఇలాంటివి కావాల్సిందే.

కానీ బాగా దిగులుగా ఉన్నరోజు "ఇక నావల్ల కాదు" అని రాస్తే ఊపిరి ఎక్సర్‌సైజ్ చూపించి ఊరుకుంది, మనిషికి కలిపే బటనే లేదు. ఇది చిన్న లోపం కాదండి, ప్రాణాల మీదకొచ్చే విషయం. పైగా ఇవి ఎప్పటిదాకా ఉంటాయో తెలీదు, ఇలాంటిదే, 2017లో వచ్చిన వోబాట్ అనే యాప్‌ని 2025 జూన్‌లో ఆపేశారు.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ చూడండి, ట్రైనింగ్ తీసుకున్న బామ్మలు బెంచీ మీద కూర్చుని వింటారు అంతే, 2016లో జామా అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన ట్రయల్‌లో ఆరు నెలలకి వాళ్ల దగ్గరికొచ్చినవాళ్లలో దిగులు, ఆందోళన లక్షణాలు బాగా తగ్గాయి. యాప్ వెనక అలాంటి మనుషుల్ని పెడితే 5 ఇస్తా. అప్పటిదాకా మామూలు టెన్షన్‌కైతే వాడండి, అంతకు మించితే మాత్రం డాక్టర్‌కో హెల్ప్‌లైన్‌కో వెంటనే ఫోన్ చెయ్యండి.