అమ్మ కుర్చీ 26 అంగుళాలు: నల్లమలకు వెళ్ళేముందు బస ఇచ్చేవాళ్ళను అడగాల్సిన మాట

మాది దేవరకొండ. నేను వడ్రంగిని, పాతికేళ్ళుగా దర్వాజాలు, తలుపులు చేస్తున్నాను. మా అమ్మకు తుంటి ఎముక విరిగి రెండేళ్ళయింది. అప్పటి నుంచి వీల్‌చైర్‌లోనే ఉంటోంది. ఆమె పుట్టిల్లు అచ్చంపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు ఎండాకాలంలో వాళ్ళమ్మ వెంట తునికాకు కోయడానికి నల్లమలకు పోయేదట. "ఒక్కసారి ఆ అడివి చూపియ్ బిడ్డా" అని దసరా నుంచి అడుగుతుంటే డిసెంబరులో డిండి మీదుగా తీసుకెళ్ళాను.

ముందు బస సంగతి చెప్పాలి. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అడవి రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లను పోనివ్వరు. జంతువుల కోసం పెట్టిన ఆ కట్టుబాటు మంచిదే. మేం సాయంత్రానికి చేరేలా బయల్దేరాం కాబట్టి అడవికి ఇవతలే ఒక చోట గది తీసుకున్నాం. ఆ చోటి పేరు రాయను. ముందుగా ఫోన్ చేసి "వీల్‌చైర్ వస్తుందా?" అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "వస్తుంది సార్, ర్యాంప్ కూడా ఉంది" అన్నారు.

ర్యాంప్ ఉన్న మాట నిజమే. రెండు మెట్లు, అంటే అడుగు ఎత్తు. దానికి నాలుగడుగుల వాలు వేసి, పైన నున్నటి టైల్స్ పరిచారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి, అప్పుడే ఒక మనిషి తోయగలడు. నేను వెనక నుంచి తోస్తుంటే చెప్పులు జారాయి. మా తమ్ముడు ముందు పట్టుకోబట్టి సరిపోయింది.

గదిలోకి కుర్చీ బాగానే వెళ్ళింది. బాత్రూమ్ దగ్గర ఆగిపోయింది. బ్యాగులో టేపు ఎప్పుడూ ఉంటుంది, తీసి కొలిచాను. మా పనిలో బాత్రూమ్‌కు రెండున్నర అడుగుల దర్వాజా చేయమంటారు. చెప్పడానికి 30 అంగుళాలే. అటూ ఇటూ చట్రం చెక్క రెండున్నర చొప్పున ఐదు అంగుళాలు పోతుంది. తలుపు తెరిస్తే దాని మందం ఇంకో అంగుళంన్నర తింటుంది. మిగిలింది 23న్నర. అమ్మ కుర్చీ, చక్రాలతో కలిపి, 26. ఇన్నేళ్ళలో ఇలాంటి దర్వాజాలు నేనెన్ని చేసి ఇచ్చానో. ఇంత నష్టం ఉంటుందని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

పనిచేసే పిల్లగాడు పాపం వెంటనే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. అమ్మను దాని మీద కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తి గడప దాటించాం. లోపల కమోడ్ ఉంది కానీ పట్టుకుని లేవడానికి గోడకు ఏమీ లేదు. కొడుకులిద్దరం లోపల నిలబడాల్సి వచ్చింది. ఆ తర్వాత అన్నం పెడితే అమ్మ నాలుగు ముద్దలు తిని, గ్లాసు పక్కకు జరిపింది. మళ్ళీ బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని పొద్దటిదాకా నీళ్ళు తాగలేదు. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది అదే. గోడకు రెండు పైపు హ్యాండిళ్ళు, ఎనిమిది బోల్టులు, పూట పని. తలుపు దగ్గర 900 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర మూడడుగులు ఖాళీ ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది.

ఇక అడవి. ఫరహాబాద్ సఫారీకి నా ఓటు పూర్తిగా ఉంది. ఆ బండి ఎత్తుగా ఉంటుందని తెలిసి, ఇంటి దగ్గరే రెండు మెట్ల పీట ఒకటి చేసి తీసుకెళ్ళాను. దాని మీది నుంచి అమ్మను ఎక్కించడం సులువైంది. డ్రైవర్‌కు తుంటి ఆపరేషన్ సంగతి చెప్తే గుంతలు వచ్చిన ప్రతిచోటా నెమ్మది చేశాడు. నడుము వెనక దిండు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. పులి కనిపించలేదు. జింకలు కనిపించాయి, కొండముచ్చులు కనిపించాయి. అమ్మ మాత్రం చెట్లనే చూసింది. అది నల్లమద్ది, అది ఏగి అని మాకంటే ముందే చెప్తూ వచ్చింది. వ్యూ పాయింట్ దగ్గర కింద రాలిన తునికాకు ఒకటి ఏరి ఇచ్చాను. వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఈనె పొడవునా బొటనవేలితో రాసింది. కట్ట కట్టేటప్పుడు ఆకులు ఎలా పేర్చాలో మా పిల్లలకు చేతులతో చూపించింది.

మల్లెలతీర్థం వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి లోపలికి వెళ్ళాలి. అక్కడ జలపాతం దగ్గరికి దాదాపు 350 మెట్లు. ఎత్తుకుని దించుదామని ఎవరన్నా ఒప్పుకోకండి, మళ్ళీ ఎక్కించాల్సింది కూడా మనమే. పిల్లలు కిందికి పోయారు, నేనూ అమ్మా పైన నీడలో కూర్చున్నాం. అక్కడున్నది కొండ, లోయ. అది ఎవరి తప్పూ కాదు. ముందే తెలిస్తే దానికి తగ్గట్టు రోజును సర్దుకోవచ్చు. బాత్రూమ్ తలుపు కొండ కాదు కదా.

మార్చిలో ఇప్పపూలు రాలేటప్పుడు మళ్ళీ పోదామంటోంది అమ్మ. ఈసారి మూడు చోట్లకు ఫోన్ చేశాను. వీల్‌చైర్ వస్తుందా అని అడగలేదు. "బాత్రూమ్ తలుపు తెరిచి, మధ్యలో ఖాళీ ఎన్ని అంగుళాలుందో కొలిచి చెప్పండి" అన్నాను. ఇద్దరు "వస్తుంది సార్" అన్నారు. మూడో ఆయన "ఒక్క నిమిషం అన్నా" అని ఫోన్ పట్టుకునే టేపుతో వెళ్ళాడు. 31 అన్నాడు. గడప ఉందా అంటే ఒక అంగుళం అన్నాడు. అక్కడే బుక్ చేశాను.