కొత్త ఫ్రేమ్‌వర్కా, కంపెనీ వ్యాపారమా: జూనియర్‌కి ఏది మేలు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడాదో రెండేళ్లో అయిన పిల్లలు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఒకటే. "సాయంత్రం ఓ గంట దొరుకుతుంది. కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోనా, మా కంపెనీ వ్యాపారం ఏమిటో తెలుసుకోనా?" రెండూ చెయ్యమని చెప్పడం తేలికే. కానీ ఉన్నది ఒక్క గంట.

ఫ్రేమ్‌వర్క్‌కి, అంటే అప్లికేషన్లు కట్టడానికి ముందే సిద్ధం చేసిపెట్టిన కోడ్‌కి, న్యాయంగా దక్కాల్సిన మార్కులు ముందు వేసేద్దాం. ఇంటర్వ్యూ కాల్స్ వచ్చేది రెజ్యూమెలో కనిపించే ఆ పేర్లను బట్టే. ఇన్సూరెన్స్ పాలసీల నిబంధనలు నోటికొచ్చినా గేమింగ్ కంపెనీలో అవి అక్కరకు రావు. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ మాత్రం ఎక్కడైనా రియాక్టే. చేతిలో పనితనం లేనివాడికి వ్యాపారం ఎంత తెలిసినా టికెట్ (చేయమని రాసిచ్చిన పని) కదలదు. అందుకే, ఇచ్చిన పనిని ఒకరి సాయం లేకుండా పూర్తిచేసి కోడ్ రివ్యూ (తోటివాళ్ల పరిశీలన) దాటించగలిగేదాకా ఆ గంట ఫ్రేమ్‌వర్క్‌కే ఇమ్మంటాను.

ఆ తర్వాత మాత్రం నా లెక్క మారుతుంది. టికెట్ ఎందుకు వచ్చిందో తెలిసినవాళ్లు చాలాసార్లు సగం పనితో దాన్ని ముగిస్తారు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను కొత్తగా ఉన్న రోజుల్లో "రిపోర్ట్ చాలా స్లో" అని టికెట్ వచ్చింది. రెండు వారాలు కూర్చుని డేటాబేస్ క్వెరీలు తిరగరాశాను, వెతుకులాట వేగంగా సాగేలా ఇండెక్సులు వేశాను, ఒకసారి వచ్చిన జవాబును దాచిపెట్టే క్యాష్ (cache) కూడా పెట్టాను. నలభై సెకన్లది ఆరుకి దిగింది. గర్వంగా చూపిస్తే అకౌంట్స్‌లో ఆవిడ "బాగుందండీ" అని, దాన్ని ఎక్సెల్‌లోకి దించుకుని, మూడు కాలమ్స్ ఉంచుకుని మిగతావన్నీ తీసేశారు. బ్యాంకులో పడిన డబ్బు, మా ఆర్డర్లు సరిపోతున్నాయా లేదా అని నెలాఖరున ఒక్కసారి చూసుకోవడానికే ఆ రిపోర్ట్. తేడా ఉన్న ఆర్డర్లను రాత్రిపూట ఒక ఫైల్‌లో పంపితే చాలు. ఒక పూట పని. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇంకోటి చూడండి. పే బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోయే బగ్. కోడ్‌లో పెద్ద పనేం కాదు: ప్రతి చెల్లింపుతోనూ ఒక ప్రత్యేకమైన కీ పంపితే, అదే కీతో మళ్లీ వచ్చిన రిక్వెస్ట్‌కి సర్వర్ పాత జవాబే ఇస్తుంది. కానీ ఆ బగ్ వెనక రీఫండ్లున్నాయి, వాటితో పాటు చెల్లింపు నడిపించే గేట్‌వే కంపెనీకి కట్టిన, తిరిగిరాని ఫీజులున్నాయి. కస్టమర్ బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే చార్జ్‌బ్యాక్ (బ్యాంకే డబ్బు వెనక్కి లాక్కోవడం), దానికి మళ్లీ ఫీజు. అప్రైజల్‌లో "డూప్లికేట్ రిక్వెస్ట్ సరిచేశాను" అనీ రాయొచ్చు, "నెలకి ఇన్ని రీఫండ్లు ఆగాయి" అనీ రాయొచ్చు. పని ఒకటే. మేనేజర్ తన పైవాళ్లకి చెప్పుకోగలిగేది మాత్రం రెండోదే. ఆ అంకె ఎవరి దగ్గరుంటుందో తెలియకపోతే అది రాయలేం.

కంపెనీ మారితే వ్యాపారజ్ఞానం వృథా అనే మాట సగమే నిజం. ఇన్‌వాయిస్, రీఫండ్, స్టాక్, పన్ను ఇంచుమించు ప్రతిచోటా ఎదురవుతాయి. త్వరగా పాతబడేది ఫ్రేమ్‌వర్కే. ఆంగ్యులర్‌జెఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ 2010లో వచ్చింది, 2021 చివరితో దాని సపోర్ట్ ఆగిపోయింది. మధ్యలో 2016లో ఆంగ్యులర్ 2 వచ్చేసరికి, పాతది బాగా తెలిసినవాళ్లు కూడా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. అదే వ్యాపారం సంగతి చూడండి: వర్తకులు అప్పటికే వాడుతున్న డెబిట్-క్రెడిట్ పద్ధతిని ఇటలీ గణితజ్ఞుడు లూకా పాచోలి 1494లో వెనిస్‌లో అచ్చువేయించాడు. ఇవాళ మనం రాసే లెడ్జర్ (ఖాతా లెక్కల) టేబుళ్లలో ఉన్నదీ ఆ పద్ధతే.

వ్యాపారం తెలుసుకోవడానికి కోర్సులు అక్కర్లేదు. డేటాబేస్‌లో ఒక పాత ఆర్డర్ నంబర్ పట్టుకుని, ఆ డబ్బు కంపెనీ ఖాతాలో పడేదాకా టేబుల్ తర్వాత టేబుల్ వెతుక్కుంటూ వెళ్లండి. దారి తప్పిన చోట అకౌంట్స్‌నో సపోర్ట్‌నో అడగండి. అడిగితే చిన్నతనం అనుకోకండి, వాళ్లని అడిగే డెవలపర్లే తక్కువ. క్లయింట్ వ్యాపారం ముగ్గురు మేనేజర్ల వెనక దాగి ఉండే ప్రాజెక్టయితే మాత్రం ఇది కష్టం. అక్కడ ఆ గంట ఫ్రేమ్‌వర్క్‌కే పెట్టుకోవడం మంచిది.

అల్గారిథమ్ పజిల్స్ అంటారా, ఉద్యోగం మారాలనుకున్నప్పుడు రెండు మూడు నెలలు చేస్తే చాలు. సర్టిఫికెట్లయితే, ఫీజు కంపెనీ కడితే రాసేయండి.