హారర్ ఫెస్టివల్‌కి డీసీపీనా, ఎంపీ4 ఫైలా?
డీసీపీ అంటే థియేటర్ ప్రొజెక్టర్‌లో ఆడించే డిజిటల్ సినిమా ప్యాకేజీ. ఫెస్టివల్ వాళ్లు సినిమాలు ఎంచుకునే దశలో ఎంపీ4 లింకు చాలు. తేడా తెలిసేది థియేటర్లోనే. హారర్ అంటేనే చీకటి కదా! ఎంపీ4లో మామూలుగా ఉండే 8 బిట్ హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి) ఫైల్లో గోడ మీది నీడ మెత్తగా కరగదు, చారలు కడుతుంది. డీసీపీ 12 బిట్, అంటే వెలుగునీడల మెట్లు ఎక్కువ, కాబట్టి ఆ బాధ తక్కువ. మాస్టరే (ఎడిటింగ్ అయ్యాక వచ్చే అసలు ఫైలే) 8 బిట్‌దైతే మాత్రం డీసీపీ చేసినా చారలు పోవు.

ల్యాప్‌టాప్ నుంచి ఎంపీ4 ఆడిస్తే 5.1 సౌండ్ (హాలు చుట్టూ ఉన్న స్పీకర్ల నుంచి వచ్చేది) తరచూ స్టీరియోకి కుదించుకుపోతుంది. వెనక నుంచి రావాల్సిన అడుగుల చప్పుడు తెర వైపు నుంచే వినిపిస్తుంది.

డీసీపీకీ తలనొప్పులున్నాయి. సెకనుకు 23.976 ఫ్రేముల బొమ్మను 24కి మార్చి ఆడియోని అలాగే వదిలేస్తే, 90 నిమిషాల చివరికి బొమ్మకీ శబ్దానికీ 5 సెకన్లకు పైగా తేడా! ఉలిక్కిపడాల్సిన చోట జనం నవ్వుతారు. డీసీపీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ డీసీపీ-ఓ-మ్యాటిక్ ఉచితమే. ఎన్‌క్రిప్షన్ (ఫైలుకి తాళం) మాత్రం పెట్టకండి: ఆ తాళం తీసే డిజిటల్ కీ, కేడీఎం, గడువు దాటితే షో ఆగిపోతుంది.