ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల కొట్టు: కవళ్ళు సూపర్, సొర మాత్రం ఆలోచించి కొనండి

ఆదివారం పొద్దున్నే ఆరింటికి వెళ్ళాను. కవళ్ళు మెరిసిపోతున్నాయి, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉంది, వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేచింది. శుభ్రం చేసి ఇవ్వడం కూడా బాగుంది, పొలుసు ఒక్కటి మిగల్లేదు.

ఇంట్లో చెల్లి బాలింత అని చెప్పగానే కొట్టులో ఆవిడ "పాలసొర పట్టుకెళ్ళమ్మా, పాలు బాగా పడతాయి" అంది. ప్రేమతోనే చెప్పింది, మన వైపు తరాలుగా ఉన్న అలవాటే. కానీ సొర వేరే చేపల్ని తిని చాలా ఏళ్ళు బతికే చేప, వాటిలోని పాదరసం దాని కండలో పేరుకుపోతుంది, ఎంత ఉడికించినా పోదు, తల్లిపాల ద్వారా కొంత బిడ్డకీ చేరుతుంది. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అయితే గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినొద్దనే చెబుతోంది. అలాగని చేపలు మానేయమని కాదు, పాదరసం తక్కువుండే రకాలు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినమంటోంది, బిడ్డ మెదడుకి చేపల్లో ఉండే ఒమేగా 3 కొవ్వు కావాలి కదా.

అందుకే కవళ్ళూ నెత్తళ్ళూ తీసుకున్నాను. ధర కూడా వంజరం కంటే చాలా తక్కువ. మీరూ బాలింతల కోసం కొంటుంటే చిన్న చేపలే అడగండి, ఏడింటిలోపు వెళ్తే తాజావి దొరుకుతాయి.