ఫోమ్, ఫ్లీస్ పప్పెట్స్: ఏళ్ళ తరబడి చేసి, ఆడించాక నా రివ్యూ

ఫోమ్ (స్పాంజి), ఫ్లీస్ (నూగు ఉండే మెత్తటి బట్ట)తో పప్పెట్స్, అంటే లోపల చెయ్యి పెట్టి ఆడించే బొమ్మలు, చెయ్యడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది, చేసినవాటితోనే స్టేజ్ మీద, కెమెరా ముందు షోలు చేస్తున్నా, అరిగిపోయినవి విప్పి మళ్ళీ కట్టాను కూడా, కాబట్టి ఇది బాగా వాడాక రాస్తున్న రివ్యూ. ముందే చెప్పేస్తా, ఈ రెండు మెటీరియల్స్‌కి నా ఓటు గట్టిగా ఉంది. కానీ ఎవరు అడిగినా నేను మొదట మాట్లాడేది లోపల చెయ్యి పట్టే చోటు గురించి. పైకి ఎంత ముద్దుగా ఉన్నా లోపల వేళ్ళు జారుతుంటే ఆ బొమ్మని ఆడించలేం, షెల్ఫ్‌లో పెట్టుకుని చూసుకోవాల్సిందే.

సరే, ఫోమ్‌తో మొదలుపెడదాం. తలకి నేను వాడేది అర అంగుళం షీట్, అంటే 12 మిల్లీమీటర్లు అటూ ఇటూగా. చేతులకి, చిన్న బొమ్మలకి పావు అంగుళం చాలు. సోఫాల్లో కుర్చీల్లో వేసే మామూలు పాలీయురెథేన్ ఫోమ్‌తో పని హాయిగా అయిపోతుంది, కాకపోతే రెటిక్యులేటెడ్ ఫోమ్ అని ఇంకోటి ఉంది, గాలి ఫిల్టర్లలో, చేపల తొట్టె ఫిల్టర్లలో వాడేది, దాన్లో బుడగల మధ్య ఉండే పల్చటి పొరలన్నీ తీసేసి ఉంటాయి కాబట్టి గాలి ఇటునుంచి అటు ఆడుతుంది. లైట్ల కింద చెయ్యి ఉడికిపోతున్నప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. నలిపినా వెంటనే తన షేప్‌కి వచ్చేస్తుంది, సూదితో కుట్టినా అంత తేలిగ్గా చిరగదు. ఖరీదు ఎక్కువే, అందుకే తరచూ ఆడే మెయిన్ పాత్రకి అది వాడతా, ఒకట్రెండు సీన్లలో కనిపించి పోయే పాత్రలకి మామూలు ఫోమే.

కత్తెరతో మాత్రం కొయ్యకండి, ఫోమ్ నొక్కుకుపోయి అంచు వంకరగా వస్తుంది, తర్వాత రెండు అంచులు కలిపితే మధ్యలో గాడి పడుతుంది. కొత్త బ్లేడు తీసుకుని నిటారుగా పట్టుకుని, గట్టిగా నొక్కకుండా రెండు మూడు సార్లు లాగితే అంచు నున్నగా వస్తుంది. తల గుండ్రంగా రావాలంటే బట్టలు కుట్టేటప్పుడు వేసే డార్టుల్లాగే ముక్కోణం ముక్కలు తీసేసి ఆ అంచులు ఒకదానికొకటి అతికించాలి. చదునుగా పడున్న షీట్ కాస్తా నుదురు, బుగ్గలు ఉన్న తలలా లేచి కూర్చుంటుంది. ఇన్నేళ్ళయినా ఆ నిమిషం అంటే నాకు పిచ్చి ఇష్టం.

అతుకు విషయానికొస్తే కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురు తప్ప వేరేది వద్దు. రెండు అంచులకీ పల్చగా రాసి, వేలు పెడితే అంటుకోనంత వరకు ఆగి, అప్పుడు కలపాలి, కలిపాక ఇంక జరపడం కుదరదు, పట్టేస్తుంది. గ్లూ గన్ త్వరగా అవుతుంది గానీ ఆరాక గట్టి కట్టలా మిగిలిపోతుంది, ఫ్లీస్ కింద నుంచి గీతలా కనిపిస్తుంది, బొమ్మని ఎండలో వదిలితే అతుకు సాగుతుంది కూడా. కాంటాక్ట్ సిమెంట్ ఆవిరి మాత్రం మంచిది కాదు, తలుపులు కిటికీలు అన్నీ తీసేసి, దగ్గర్లో మంట లేకుండా, ఆ రసాయనాల ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్క్ పెట్టుకుని చెయ్యండి. గుడ్డ మాస్క్ దీనికి పనికిరాదు. పిల్లలతో కలిసి చేస్తుంటే నీళ్ళతో చేసిన రకం వాడండి, ఆరడానికి టైమ్ పడుతుంది, అంతే.

ఫ్లీస్ గొప్పతనం ఏంటంటే కోసిన అంచు పీచు రాదు, సాగుతుంది, కుట్టు దాచేస్తుంది. పాలియెస్టర్ ఫ్లీస్‌లో ఉండలు కట్టని రకం తీసుకోండి, చేత్తో లాగి చూసి ఎక్కువ సాగే వైపు తల చుట్టూ తిరిగేలా, నూగు కిందకి వాలేలా పెట్టండి. రెండు ముక్కల నూగు రెండు దిక్కులకి ఉంటే లైట్ పడగానే ఒకే రంగు రెండు రంగుల్లా కనిపిస్తుంది. టీవీ బొమ్మలకి వాడేది యాంట్రాన్ ఫ్లీస్, అది నైలాన్, యాసిడ్ డైతో కావాల్సిన రంగు వేసుకోవచ్చు, పాలియెస్టర్‌కి ఆ రంగు పట్టదు. యాంట్రాన్ దొరికితే అదృష్టం, దొరక్కపోయినా ఏం పర్లేదు. అతుకు కనపడకుండా చేసేది అసలు కుట్టు పద్ధతే. రెండు అంచులు ఎదురెదురుగా పెట్టి, సూదిని బట్ట మందంలోంచే ఒకసారి ఇటు ఒకసారి అటు నిచ్చెన మెట్లలా తీసుకెళ్ళి, నాలుగైదు కుట్లకోసారి దారం బిగించాలి. అంచులు లోపలికి మూసుకుపోతాయి. తర్వాత సూది మొనతో నూగు మెల్లగా పైకి లాగితే, కుట్టినవాళ్ళకే ఎక్కడ కుట్టామో వెతుక్కోవాల్సొస్తుంది. దీన్ని హెన్సన్ స్టిచ్ అంటారు. ముక్కు పక్కన, బుగ్గ మీద పడే కుట్లకి ఇది తప్పనిసరి.

ఇప్పుడు అసలు సంగతి, నోటి పలక, మొదట్లో చెప్పిన చెయ్యి పట్టే చోటు ఇదే. పై దవడకి ఒకటి, కింద దవడకి ఒకటి, రెండు అర్ధచంద్రాకారం ముక్కలు, మధ్యలో బట్ట మడత. దళసరి అట్టతో చేస్తే చెమటకి మెత్తబడిపోతుంది, మరీ గట్టి ప్లాస్టిక్ అయితే వేళ్ళు నొప్పెడతాయి, నాకు బాగా కుదిరింది కాస్త వంగే ప్లాస్టిక్ షీట్, దాని లోపలి వైపు గరుకు రబ్బరు అతికించి. పైన నాలుగు వేళ్ళకి జేబు, కింద బొటనవేలికి ఎలాస్టిక్ పట్టీ. ఈ పట్టీ బొటనవేలి మొదటి కణుపు దాటి కూర్చోవాలి. వేలి కొనకి మాత్రమే ఉంటే నోరు తెరిచిన ప్రతిసారీ కింది దవడ జారుతుంది, దాన్ని పట్టుకోవడంలోనే మీ ధ్యాసంతా పోతుంది, ఇంక నటన ఎక్కడ. పలక పొడవు మీ వేళ్ళని బట్టే పెట్టుకోండి, డౌన్‌లోడ్ చేసిన ప్యాటర్న్‌లో ఉన్న కొలత వేరేవాళ్ళ చేతిది. నోటి మూలల దగ్గర ఫోమ్ ఎక్కువ లాగబడుతుంది, చిరుగు మొదలయ్యేది అక్కడే, కాబట్టి అతికించేటప్పుడే లోపల ఒక బట్ట పట్టీ వేసెయ్యండి.

ఇదంతా ఎందుకింత చెప్తున్నానంటే, మపెట్స్ బొమ్మలు సృష్టించిన అమెరికన్ పప్పెట్ కళాకారుడు జిమ్ హెన్సన్ 1955లో చేసిన మొదటి కర్మిట్ బొమ్మ చూడండి, వాళ్ళ అమ్మగారి పాత కోటు బట్ట, సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతి కళ్ళు, అంతే. కర్మిట్ తల మెత్తగా ఉండబట్టే లోపల పిడికిలి బిగిస్తే మొహం ముడుచుకుంటుంది, వేళ్ళు కొంచెం వంచితే నోరు పక్కకి పోతుంది. ఆ మొహంలో మనం చూసే బాధ, చిరాకు అన్నీ లోపలున్న చేతివే. మన ఫోమ్ తల కూడా వీలైనంత పల్చగా ఉండాలని నేననేది అందుకే.

కళ్ళ దగ్గర తొందరపడొద్దు. గుడ్లు ముందే అతికించినా నల్లగుడ్లు మాత్రం పిన్నుతో గుచ్చి, ఫోన్ కెమెరాలో చూస్తూ జరుపుకోండి. సరిగ్గా మధ్యలో పెడితే శూన్యంలోకి చూస్తున్నట్టు ఉంటుంది, రెండిటినీ ఒక్క పిసరు ముక్కు వైపు జరిపితే ఒక్కసారిగా చూపు నిలుస్తుంది, ఎదురుగా ఉన్నవాడినే చూస్తుంది. బొమ్మకి ప్రాణం వచ్చేది ఆ పిసరుతోనే.

ఆడించడం గురించి. చెయ్యి పైకెత్తగానే బొమ్మ చూపు సహజంగానే సీలింగ్‌కి పోతుంది, మణికట్టు ముందుకి వంచి ఉంచాలి, ఇది అలవాటయ్యేదాకా ముంజెయ్యి లాగేస్తుంది. మాట్లాడేటప్పుడు పై వేళ్ళు కదపకుండా బొటనవేలు కిందకి దింపాలి, పై వేళ్ళు ఎత్తితే ప్రతి మాటకీ తల ఎగిరెగిరి పడుతుంది. ఇంకోటి, మన తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ఆగుతాయి కదా, కాబట్టి చివరి అక్షరానికి నోరు గబుక్కున మూసేస్తే మాట తెగినట్టుంటుంది. "రండి" అంటే రెండు సార్లు తెరవాలి, "డి" దగ్గర తక్కువ తెరిచి మెల్లగా మూయాలి. "అమ్మా" అంటే "అ"కి కొంచెం, "మ్మ" దగ్గర పూర్తిగా మూత, "ఆ"కి నిండుగా. ప, బ, మ వచ్చిన చోటల్లా నోరు మూతపడాలి, చూసేవాళ్ళు ఇది గమనించరు గానీ తప్పితే మాత్రం ఏదో తేడాగా ఉందని పసిగట్టేస్తారు. కెమెరాకి చేసేటప్పుడు మానిటర్ తప్పనిసరి, అది కూడా అద్దంలా తిప్పి చూపించకూడదు, మొదట్లో అటూ ఇటూ తికమక పడతారు, తర్వాత చెయ్యే నేర్చుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువ ప్రాక్టీస్ కావాల్సింది మాత్రం బొమ్మ మాట్లాడకుండా వేరేవాళ్ళది వింటున్నప్పుడు. కదలకుండా వదిలేస్తే చచ్చిపోతుంది, ఎక్కువ కదిపితే అవతలివాళ్ళ సీన్ పాడవుతుంది, ఊపిరి తీస్తున్నంత కదలిక చాలు.

మన్నిక దగ్గరే ఈ మెటీరియల్‌కి మార్కులు తగ్గిస్తా. ఫోమ్ శాశ్వతం కాదు. పాలీయురెథేన్ ఫోమ్‌లో పాలీఈథర్ రకం వెలుతురికి, గాలికి పసుపెక్కి పొడి రాలుతుంది, పాలీఎస్టర్ రకం ఫోమ్ తేమకి జిగటగా మారి విరిగిపోతుంది, ఎంత జాగ్రత్తగా దాచినా ఇది ఆలస్యం అవుతుందే గానీ ఆగదు. అందుకే నేను ఫ్లీస్ తొడుగుని ఫోమ్‌కి మొత్తం అతికించను, నోటి చుట్టూ, కళ్ళ దగ్గర మాత్రమే అతికించి మిగతాది బిగుతుగా తొడుగుతా, లోపలి ఫోమ్ పోయినా తొడుగు విప్పి కొత్త తలకి వేసెయ్యొచ్చు. ప్యాటర్న్ కాగితాలు పారెయ్యకండి, వాటి విలువ అప్పుడు తెలుస్తుంది. దాచేటప్పుడు ఎండ తగలని చోట, సీసా మీదో స్టాండ్ మీదో నిలబెట్టి, పైన నూలు గుడ్డ కప్పండి, ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు. మరకలు పడితే తడిగుడ్డతో, కొద్దిగా సబ్బుతో తుడవడమే, నీళ్ళలో ముంచితే లోపల ఆరక వాసన పట్టేస్తుంది. షోకి ముందు చేతికి పల్చటి నూలు గ్లౌజ్ వేసుకుంటే చెమట దానికే అంటుకుంటుంది, షో అయ్యాక దాన్ని ఉతికేసుకోవచ్చు.

మొదటి బొమ్మ చేసేవాళ్ళు జుట్టు, కనుబొమ్మలు, చొక్కా అన్నీ పక్కన పెట్టి, ఫ్లీస్ కూడా తొడక్కుండా ఉత్త ఫోమ్ తలతోనే కొన్నాళ్ళు ఆడించండి. ఒక పాట మొత్తం పాడించండి, ఫోన్లో మాట్లాడుతున్నంతసేపు బొమ్మ చేత కూడా మాట్లాడించండి. బొటనవేలు నొప్పెట్టినా, వేళ్ళు జారినా పలక పీకేసి కొత్తది వెయ్యండి, ఆ దశలో అది పది నిమిషాల పని.